అక్షరానికో డబ్బా

ఆఫీసులో అందరికీ ఆమె వదినే. యజమాని ఆమెకి సొంత మరిది. ఆయన పొద్దస్తమానం "వదినా, వదినా" అంటూ తిరుగుతుంటే మిగతావాళ్ళకీ అదే నోటికి పట్టేసింది. ఆమెకంటే వయసులో పెద్దవాడైన గుమాస్తా కూడా వదినా అనే పిలుస్తాడు. వెనకాల మాత్రం సైరన్ అంటారు. ఆ సంగతి ఆమెకి తెలుసు. "సైరన్ మోగితేనే కదా జనం పక్కకి తప్పుకునేది" అని ఒకసారి తనే అంది కూడా. అని, పక్కవాడి స్క్రీన్ మీద ఏదో చూసి, అక్కడికక్కడే మోగింది.

కొందరికి కోపం ముక్కు మీద ఉంటుందంటారు. వదినకి అక్కడ చోటు చాలక మొహమంతా పరుచుకుంది. పని రానివాడి మీద ఆమెకి కోపం లేదు, నేర్పుతుంది. పని వచ్చి కూడా "ఇది చాల్లే" అని చేతులు దులుపుకునేవాడిని చూస్తే ఒంటికాలి మీద లేస్తుంది. లోకంలో అలాంటివాళ్ళే ఎక్కువ కాబట్టి ఆమె రెండు కాళ్ళ మీద నిలబడి ఉండే సమయం తక్కువ.

టైర్ల దుకాణం పైన రెండు గదులు, అదీ ఆ ఆఫీసు. కింద టైరుకి గాలి కొట్టినప్పుడల్లా పైన నేల అదిరేది. అక్కడ తయారయ్యేది రాళ్ళ షాపుల వాళ్ళకి కావలసిన సాఫ్ట్‌వేరు. ఇంటి పేరు పలక కానీ, సమాధి రాయి కానీ, ఏం రాయాలో కంప్యూటర్లో టైపు చేసి, అక్షరాల రకం, అదే ఫాంటు, ఎంచుకుని, స్క్రీన్ మీద చూసుకుని బటన్ నొక్కితే పక్కనున్న యంత్రం రాతిలో అక్షరాలు కోసేస్తుంది. టైపు చేసే భాగం వదిన రాసింది. కోసే భాగం యంత్రం తయారు చేసినవాళ్ళు ఇచ్చిన వేరే ప్రోగ్రాము. దాన్ని ఆమె ముట్టుకోవడానికి లేదు, తిట్టుకోవడానికి ఉంది.

ఆ సాఫ్ట్‌వేర్లో ఉన్న అక్షరాల రకాల్లో ఒకటి ఆమె నాన్నది. ఆయన బతుకంతా ఉలీ సుత్తీ పట్టి రాళ్ళ మీద పేర్లు చెక్కినవాడు. కూతురి కోపానికి అసలు కర్మాగారం ఆయనే. అక్షరం ఒక్కటి తేడా వస్తే ఆ పలకని అక్కడే పగలగొట్టి, ముక్కలు ఎవరినీ ఎత్తనిచ్చేవాడు కాదు, వచ్చేపోయేవాళ్ళు చూడాలని. అమ్మ ఆ ముక్కల పక్కనుంచి నీళ్ళ బిందె మోసుకుంటూ "అడ్డం తియ్యండి, కాళ్ళకి గుచ్చుకుంటాయి" అని మాత్రం అనేది. పక్షవాతం వచ్చి ఆయన కుడిచెయ్యి పడిపోయాక ఉలి మూలన పడింది. ఇద్దరినీ వదిన తన ఇంటికి తెచ్చుకుంది. అత్తగారింటి వైపువాళ్ళు ఎవరూ కాదనలేదు. అనే ధైర్యం ఎవరికుంది గనక.

అప్పుడు పట్టుకుంది ఆమెకి ఈ పిచ్చి. నాన్న చెక్కిన రాళ్ళు ఎక్కడెక్కడున్నాయో వెతుక్కుంటూ వెళ్ళి, వాటి మీద పల్చటి కాగితం పరిచి పెన్సిల్‌తో రుద్దింది. ఆ ముద్రలు ఇంటికి తెచ్చి, కంప్యూటర్లో ఒక్కో వంపూ ఒక్కో వత్తూ గీసింది. భర్త వంటింట్లోంచి తొంగి చూసి "తింటావా" అని అడిగితే "కనబడట్లా?" అనేది. ఏది కనబడాలో ఆయనకి అర్థమయ్యేది కాదు, మూత పెట్టి వెళ్ళిపోయేవాడు. అలా సెలవులన్నీ మింగేసి ఆ ఫాంటు పుట్టింది.

గొడవంతా దాన్ని షాపులవాళ్ళకి ఎలా అందించాలన్న దగ్గర మొదలైంది. ఒక ఫాంటు పనిచేయాలంటే అది ఆ కంప్యూటర్లో ఉండాలి. లేకపోతే అక్షరాలు రావు. మరిది తేలిగ్గా తేల్చేశాడు.

"దాందేముంది వదినా, ఫాంటు ఫైలు విడిగా ఇచ్చేద్దాం. వాళ్ళే ఇన్‌స్టాల్ చేసుకుంటారు."

"ఎవరు చేసుకుంటారు? ఒళ్ళంతా రాతిపొడితో, చేతికి గ్లవ్స్‌తో ఉండే మనిషి నీ ఫైలు వెతుక్కుని ఇన్‌స్టాల్ చేసుకుంటాడా? నువ్వు చేశావా ఎప్పుడన్నా? నీ ప్రింటర్ కూడా నేనే కదా పెట్టింది!"

"అది కాదు వదినా..."

"ఏది కాదు? ఫైలు చేతికిచ్చామంటే రేపు మా నాన్న అక్షరాలతో షాంపూ పొట్లాలు అచ్చేస్తారు. ఫాంటు మన ప్రోగ్రాము కడుపులోనే ఉండాలి. ప్రోగ్రాము తెరిస్తే రావాలి, మూస్తే పోవాలి. ఎవడూ ఏదీ ఇన్‌స్టాల్ చేసే పని ఉండకూడదు."

మరిది చేతులెత్తేశాడు. ఆమె కూర్చుని ఆ పని చేసింది. ఫాంటుని ప్రోగ్రాములోపల పొదిగి, ప్రోగ్రాము మొదలవగానే దాన్ని తనే బయటికి తీసుకుని వాడుకునేలా రాసింది. కోసే ప్రోగ్రాములోకి కూడా పంపి తన కంప్యూటర్లో పరీక్షించింది. అద్భుతంగా వచ్చింది. పరీక్షలు చేసే అబ్బాయికి ఇచ్చింది. ఆఫీసులో అతన్ని పిలిచినా పలకడు కాబట్టి మౌనస్వామి అంటారు. బాగుందని తల ఊపాడు. మరిది కూడా బాగుందన్నాడు. అందరూ బాగుందన్నారు. సాఫ్ట్‌వేరు షాపులకి వెళ్ళింది.

అంతలో అమ్మ పోయింది. ఆ పరీక్షలప్పుడే జ్వరమని పడుకుంది, లేవలేదు. నాన్న ఏడవలేదు. కొన్నాళ్ళు గడిచాక ఒక మధ్యాహ్నం, కంచంలో అన్నం కెలుకుతూ, "దాని రాయి మీద ఇంకొకడి చేతి అక్షరాలు వద్దు" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు తన కుడిచేతి వైపు చూసుకోలేదు. చూసుకోకుండా ఉండటానికి ఎంత కష్టపడ్డాడో ఆమెకి కనబడింది.

"నీ అక్షరాలే ఉంటాయి నాన్నా. నాదీ పూచీ" అంది.

ఊరిచివర కొత్తగా పెట్టిన రాళ్ళ షాపుకి తనే వెళ్ళింది. కొత్త యంత్రం, కొత్త కంప్యూటరు, తమ ఆఫీసు సాఫ్ట్‌వేరు. నాన్న అక్షరాలతో అప్పటిదాకా ఎవరూ రాయి కోయించుకోలేదు. నల్లరాయి పలక ఏరుకుంది. అమ్మ పేరూ, కింద ఒక వాక్యమూ తనే టైపు చేసింది. స్క్రీన్ మీద నాన్న అక్షరాలు నిండుగా వచ్చాయి. వాటిని చూస్తూ కూడా మిషను దగ్గరున్న ఆయన్ని హెచ్చరించడం మరిచిపోలేదు. అంతకుముందు ఇంకో షాపులో ఎవరో తెలివైనవాడు చోటు చాలలేదని వేరే రకం అక్షరాలు కుదించి కోశాడు. ఆమె వెళ్ళి ఆ షాపుని నాలుగు రోడ్లకీ వినపడేలా కడిగేసి వచ్చింది. ఆ కథ రాళ్ళ షాపులన్నిటికీ పాకింది.

"చూడండి, ఈ అక్షరాలు గీసింది నేను. ఏది ఎట్లా వస్తే అట్లాగే ఉంచాలి. మీ సొంత తెలివి దీంట్లో పెట్టొద్దు."

"అయ్యో, నేనెందుకు పెడతానమ్మా" అన్నాడు మిషనాయన.

పెట్టలేదు. మాట మీద నిలబడ్డాడు.

రాయి ఇంటికి వచ్చిన రోజు నాన్న వరండాలో కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. చొక్కా మార్చుకున్నాడు. మోసుకొచ్చినవాళ్ళు గోనెపట్టా విప్పి, తడిగుడ్డతో తుడిచి, పక్కకి తప్పుకున్నారు.

పలక మీద డబ్బాలు ఉన్నాయి. అక్షరం ఉండాల్సిన చోట అక్షరానికో డబ్బా. నలుచదరంగా, అంచులు పదునుగా, లోతుగా, ఒకదాని పక్కన ఒకటి. అమ్మ పేరుండాల్సిన చోట పెద్ద డబ్బాలు, కింద వాక్యం పొడుగునా చిన్న డబ్బాలు. పనితనం మాత్రం వంక పెట్టడానికి లేదు. అద్దంలా మెరుగు కూడా పెట్టారు.  నాన్న ఆ డబ్బాలని ఎడమ నుంచి కుడికి చదువుతున్నట్టు చూశాడు. చివరిదాకా చూసి, "ఇదేంటే" అన్నాడు. అంతకుమించి ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది, అరిచి ఉంటే ఇంకా బాగుండేది.

చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా ఆమె షాపుకి వెళ్ళింది. మిషనాయన ఆమె రావడం చూసి నవ్వబోయాడు, నవ్వు సగంలో ఆగింది.

"అది రాయా? అమ్మ సమాధి మీద పెట్టే రాయి మీద గళ్ళు కొట్టి పంపుతావా? కళ్ళున్నాయా నీకు? స్క్రీన్ మీద అక్షరాలు చూశావు కదా! రాతి మీద డబ్బాలొస్తే ఆపాలని తెలీదా?"

"చూశానమ్మా."

"చూసి?"

ఆయన గ్లవ్స్ విప్పుకున్నాడు. "మీరు గీసిన అక్షరాలన్నారు కదా. ఎట్లా వస్తే అట్లా ఉంచమన్నారు. కొత్త మోడలేమో, మీ ఇంటి పద్ధతేమో అనుకున్నా. ఫోన్ చేద్దామా అని కూడా అనుకున్నానమ్మా. మా ఆవిడ చెయ్యమంది. కానీ..."

"కానీ?"

"తిడతారని."

ఆమె తిట్టింది. ఆయన భయం తప్పని ఎవరూ అనకుండా మొహం వాచేలా తిట్టింది. ఆ తర్వాత ఆయన్ని కుర్చీలోంచి లేపి తనే కూర్చుంది. చిన్న రాతిముక్క ఒకటి యంత్రం కింద పెట్టించి, తన పేరే టైపు చేసింది. స్క్రీన్ మీద చక్కగా అక్షరాలు. బటన్ నొక్కింది. నీళ్ళు చిమ్ముతూ యంత్రం దిగి, శ్రద్ధగా, డబ్బా తర్వాత డబ్బా కోసింది.

అప్పుడు అర్థమైంది. ఫాంటు ఆమె ప్రోగ్రాము కడుపులో ఉంది, నిజమే. కానీ అక్కడే ఉంది. ఆ ప్రోగ్రాముకి తప్ప ఆ కంప్యూటర్లో ఇంకెవరికీ అది కనబడదు. కోసే ప్రోగ్రాము వేరే. దానికి ఆ ఫాంటు ఉన్నట్టే తెలియదు, తెలియకపోతే అడిగే తెలివీ లేదు, అక్షరానికో డబ్బా గీసి తన పని అయిపోయిందనుకుంటుంది. మరి ఆమె కంప్యూటర్లో ఎందుకు రాలేదీ డబ్బాలు? ఫాంటు పుట్టింది అందులోనే. పుట్టిన రోజునుంచీ అది ఆ కంప్యూటర్లో అందరికీ కనబడేలా ఇన్‌స్టాల్ అయి ఉంది. అలాంటి కంప్యూటర్లో పరీక్షించి బాగుందనుకుంది. కొత్తగా పనిలో చేరినవాడు ఈ తప్పు చేస్తే వారం రోజులు నిద్రపోనిచ్చేది కాదు. తన మీద తనకే చీదర పుట్టింది.

కానీ మిగతావాళ్ళ కంప్యూటర్లో? అక్కడ ఆ ఫాంటు లేదు. ఉండకూడదు. మరి అందరూ బాగుందని ఎలా అన్నారు?

ఆఫీసుకి వచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా ఒక్కో కంప్యూటర్ దగ్గరికీ వెళ్ళి ఫాంట్ల జాబితా తెరిచింది. మౌనస్వామి దాంట్లో నాన్న ఫాంటు ఉంది. గుమాస్తా దాంట్లో ఉంది. మరిది గదిలోకి వెళ్ళి, ఆయన్ని లేవమని, చూసింది. దాంట్లోనూ ఉంది.

"ఎవరు పెట్టారు ఇది?" అని అడిగింది. మామూలు గొంతుతోనే అడిగాననుకుంది. కింద టైర్లవాళ్ళు పని ఆపి పైకి చూశారు.

గుమాస్తా కాగితాల్లో తల దూర్చాడు. చివరికి మౌనస్వామి లేచి నిలబడ్డాడు. అతను అంత పొడుగు మాట మాట్లాడగలడని ఆరోజే తెలిసింది.

"నేనే వదినా. మొదటిసారి కోసే ప్రోగ్రాములో తెరిచి చూసినప్పుడే నాకు డబ్బాలొచ్చాయి. చెబుదామని మీ బల్ల దాకా వచ్చాను. మీరప్పుడు గుమాస్తాగారిని వాయిస్తున్నారు. తర్వాత చెబుదామని వెనక్కొచ్చి, పని ఆగకూడదని ఫాంటు నా దాంట్లో పెట్టుకున్నా. డబ్బాలు పోయాయి. తర్వాత చెప్పడానికి కుదరలేదు."

"ఎందుకు కుదరలేదు?"

"మీరు బాగున్న రోజు చూసి చెబుదామనుకున్నా."

గుమాస్తా గొంతు సవరించుకుని, తనకీ అలాగే వస్తే మౌనస్వామిని అడిగి పెట్టించుకున్నానన్నాడు. ఆమె మరిది వైపు తిరిగింది. యజమాని, అన్నగారి భార్య ముందు తప్పు చేసిన పిల్లాడిలా కిటికీ బయటికి చూస్తూ, "నాకూ వచ్చాయి వదినా. మా ఆవిడ కూడా అంది, ఇప్పుడు మీ వదినతో పెట్టుకోకండీ, వాళ్ళమ్మకి బాలేదు కదా అని" అన్నాడు.

వదిన కోపానికి అడ్డూ ఆపూ లేకుండా పోయింది. అది న్యాయమైన కోపం కూడా. చూసింది చూసినట్టు చెప్పడానికే మౌనస్వామికి జీతం. తిడుతుందని నోరు మూసుకునేవాడు ఆ కుర్చీలో ఎందుకు? సొంత సరుకు పాడైందని తెలిసి కూడా అమ్ముకునే యజమాని ఎందుకు? ఇవన్నీ అడిగింది, గట్టిగా అడిగింది. వాళ్ళు తలలు దించుకుని విన్నారు. వాళ్ళు వినే తీరు చూస్తుండగానే ఆమెకి సగం మాటలో నోరు ఆగిపోయింది. ఈ తల దించుకోవడం వాళ్ళకి బాగా అలవాటైన పని. ఎక్కడ దించాలో, ఎంతసేపు దించాలో, ఎప్పుడు ఎత్తొచ్చో అన్నీ తెలుసు. వానొస్తే చూరు కింద నిలబడ్డట్టు నిలబడ్డారు.

ఆమె బల్ల దగ్గర కూర్చుని ప్రోగ్రాము సరిచేసింది. కోసే ప్రోగ్రాముకి ఇకనుంచి అక్షరాలు వెళ్ళవు, ఆ అక్షరాల గీతలే వెళతాయి. గీతలకి ఏ ఫాంటూ అక్కర్లేదు. పెద్ద పనేమీ కాదు. ఒక్క మనిషి ఒక్క మాట చెప్పి ఉంటే ఆరోజే అయిపోయేది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి నాన్న ఇంకా ఆ వరండాలోనే, ఆ రాయి ఎదురుగానే ఉన్నాడు. ఆమె ఆయన కుర్చీ పక్కన గచ్చు మీద చతికిలబడింది.

"తప్పు నాదే నాన్నా. సరిచేశాను. ఇంకో పలక తెప్పిస్తున్నా. ఈసారి నీ అక్షరాలే వస్తాయి."

 నాన్న రాయినే చూస్తూ, "అవి నా అక్షరాలు కావులే" అన్నాడు.

"ఏంటీ?"

ఆ ఒక్క మాటకి ఎదురింటి కిటికీ తెరుచుకుంది. నాన్న కుర్చీలో వెనక్కి జరిగాడు. పలకలు పగలగొట్టిన మనిషి, ఎవరి మాటా పడని మనిషి, బాగున్న చేత్తో కుర్చీ పిడి పట్టుకుని భుజాలు ముడుచుకుని వెనక్కి జరిగాడు. వదిన కళ్ళారా చూసింది.

"ఇదిగో, ఇందుకే చెప్పలేదు" అన్నాడు ఆయన, ఆమె వైపు చూడకుండా. "అన్నీ గీసేసి కాగితం మీద అచ్చు తీసుకొచ్చావు. చూడగానే తెలిసింది. నున్నగా ఉన్నాయి. అందంగా ఉన్నాయి. నావి అట్లా ఉండవు. నా తలకట్టు పైకి లేవదు, పక్కకి వాలుతుంది. నా సున్న కింద కొంచెం బరువుగా ఉంటుంది."

"అది రాయి అరిగిపోయి అట్లా అయిందనుకున్నా నాన్నా. సరిచేశాను."

"అరగలేదు. నేను కొట్టిందే అట్లా."

 అయినా ఆమె నోరు ఊరుకోలేదు. "మరి అమ్మ? అమ్మకి నచ్చింది కదా! ముందు గదిలో గోడకి కూడా అంటించింది కదా ఆ కాగితం!"

"అదే ముందు కనిపెట్టింది. నేను చెబుతానంటే వద్దంది. పిల్ల అరుస్తుంది, ఊరుకోండి, అంది."

 ఆఫీసువాళ్ళు భయపడటం వేరు. మిషనాయన భయపడటం వేరు. నాన్న కోపానికే ఏనాడూ జంకని అమ్మ, ముక్కల మధ్య బిందె మోసుకుంటూ నడిచిన అమ్మ, కూతురికి మాత్రం భయపడింది. భయపడుతూనే వెళ్ళిపోయింది. ఇప్పుడు ఎవరి మీద అరవాలి? ఎంత గట్టిగా అరిస్తే అది వెనక్కి పోతుంది?

ఆమె లోపలికి వెళ్ళి తెల్లకాగితమూ పెన్సిలూ తెచ్చి, నాన్న ఎడమచేతి కింద పెట్టింది.

"ఏవేవి నీవి కావో చెప్పు. ఒక్కోటీ గీసి చూపించు. మొత్తం మళ్ళీ చేస్తా. అప్పటిదాకా అమ్మకి రాయి పెట్టొద్దు."

నాన్న పెన్సిల్ తీసుకున్నాడు. ఎడమచెయ్యి కాగితం మీద ఒక వంపు గీసింది, అది పక్కకి పోయింది. ఇంకొకటి గీశాడు. దాని తలకట్టు వాలలేదు, నిటారుగా లేచింది. ఇదేంటి, ఇప్పుడే కదా వాలుతుందన్నావు, సరిగ్గా చెప్పొచ్చుగా అని ఆమెకి నోటిదాకా వచ్చింది. పళ్ళ బిగువున ఆపుకుంది. నాన్న పెన్సిల్ ఆపేసి, కాగితం వదిలేసి ఆమె మొహం వైపు చూశాడు, ఎప్పుడు మొదలవుతుందా అన్నట్టు.

"నేనేం అనట్లేదుగా నాన్నా, గియ్యి!" అంది.

అది కూడా అరుపులాగే వచ్చింది.